కారునకు పందెపు సీటు

ఇంటి కారునకు పందెపు సీటు అమర్చవలెనని కుమారులు ముచ్చటపడుట నేడు కద్దు. తల్లిదండ్రులు ముందు ఒకటి గ్రహింపవలెను. శిరస్త్రాణము ధరించి, ఐదారు పట్టీలతో బంధింపబడి కూర్చుండువాని కొరకు ఆ సీటు నిర్మింపబడినది. ఇంటి కారులో మూడు చోట్ల బిగిసియుండు బెల్టు దాని ఎత్తైన అంచులపై నిలిచి, తుంటి ఎముకలను వదలి పొట్టపై పడవచ్చును. ప్రమాదమున లోపలి అవయవములకు హాని. పెక్కు కార్లలో ప్రక్క ఎయిర్‌బ్యాగు సీటులోనే యుండును. సీటు తీసిన అదియు పోవును.

పందెములకే కొనువారు కూర్చుండి చూచి, భుజములకును తుంటికిని సరిపోవుదానిని ఎన్నుకొనవలెను. ఎఫ్.ఐ.ఎ. ముద్రను పరిశీలింపవలెను. 8855-1999 ప్రమాణపు సీటు తయారైన నాటినుండి సాధారణముగా 5 ఏండ్లు, 8862-2009 ప్రమాణపుది 10 ఏండ్లు చెల్లును. బిగించు చట్రము బలహీనమైనచో ఎంత మేలైన సీటైనను వ్యర్థమే.

రోడ్డుపై తిరుగు కారునకు తయారీదారు ఇచ్చిన సీటే క్షేమము.