ఒంట్లో బాగానే ఉందా? అయినా ఒకసారి నడుము కొలిపించుకోండి

బూర్గంపాడు మండలంలోని 30 ఏళ్లు దాటిన ఆడ, మగ అందరికీ

"నాకేం జబ్బు? రోజూ పనికి పోతున్నా కదా!" అని మీరు అనుకోవచ్చు. కానీ బీపీ, షుగరు మొదట్లో నొప్పి పెట్టవు, పని ఆపవు. తెలిసేసరికి గుండెకో, కిడ్నీకో, కంటికో దెబ్బ తగిలి ఉంటుంది. సంపాదించే మనిషి మంచాన పడితే ఇల్లంతా ఆగిపోతుంది. అందుకే బాగున్నప్పుడే చూపించుకోవాలి.

ముందుగా కనిపించే 5 గుర్తులు

1. నడుము కొలత: మగవాళ్లకు 90 సెం.మీ. (సుమారు 35 అంగుళాలు), ఆడవాళ్లకు 80 సెం.మీ. (సుమారు 31 అంగుళాలు) దాటడం
2. బీపీ: 130/85 లేదా అంతకంటే ఎక్కువ
3. పరగడుపు షుగరు: 100 లేదా ఎక్కువ
4. రక్తంలో కొవ్వు (ట్రైగ్లిజరైడ్లు): 150 లేదా ఎక్కువ
5. మంచి కొలెస్ట్రాల్: మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కంటే తక్కువ

వీటిలో ఏ మూడు ఉన్నా దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఇది ఇంకా షుగరు జబ్బు కాదు, గుండెపోటూ కాదు. ఆ రెండింటికీ దారి.

సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుందా?

వస్తుంది. మన దేశంలో చాలామందికి కాళ్లు, చేతులు సన్నగా ఉండి పొట్ట దగ్గరే కొవ్వు చేరుతుంది. ఆ కొవ్వు లివరుకూ పడుతుంది. అప్పుడు ఒంట్లోని ఇన్సులిన్ సరిగా పనిచేయక రక్తంలో షుగరు మెల్లగా పెరుగుతుంది. ప్యాంటు సైజు చూసి సరిపెట్టుకోవద్దు, ప్యాంటు పొట్ట కిందికి కడతాం. కింది పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో టేపు పెట్టి, ఊపిరి వదిలాక కొలవాలి.

ఎవరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి?

• అమ్మకో నాన్నకో షుగరు, బీపీ ఉన్నవాళ్లు
• ఆటో, లారీ నడిపేవాళ్లు, దుకాణంలో కూర్చునేవాళ్లు
• రాత్రి షిఫ్టు చేసేవాళ్లు, నిద్ర చాలనివాళ్లు
• బీడీ, ఖైనీ, గుట్కా, మందు అలవాటు ఉన్నవాళ్లు
• గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన ఆడవాళ్లు

మిరప కోతలప్పుడు ఒళ్లు వంచి పనిచేసి, పనుల్లేని నెలల్లో అదే తిండి తిని కూర్చున్నా పొట్ట పెరుగుతుంది.

పరీక్ష ఎక్కడ? ఎంత ఖర్చు?

ఖర్చు లేదు. ఆశా అక్క ఇంటికి వచ్చి అలవాట్లు, కుటుంబంలో జబ్బులు అడిగి, నడుము కొలిచి ఫారం నింపుతుంది. మార్కులు 4 దాటితే మిమ్మల్ని ముందుగా పరీక్షకు పంపుతారు. దాటకపోయినా 30 నిండినవాళ్లు పరీక్ష చేయించుకోవాలి. సబ్ సెంటర్‌లో ఏఎన్ఎం బీపీ చూసి, వేలి చుక్కతో షుగరు చూస్తారు. బీపీ 140/90, షుగరు 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టరు దగ్గరికి పంపుతారు. భయపడకండి, జబ్బు ఉందో లేదో డాక్టరు మళ్లీ పరీక్షించి చెబుతారు. కొలెస్ట్రాల్ పరీక్ష గురించి కూడా అప్పుడే అడగండి. బీపీ, షుగరు మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం.

ఇప్పుడు మారితే లాభముందా?

ఉంది. షుగరు అంచున ఉన్నవాళ్లపై మన దేశంలోనే చేసిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. మామూలుగా ఉన్న గుంపులో మూడేళ్లలో 100కి 55 మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకున్న గుంపులో 39 మందికే వచ్చింది.

• కంచంలో అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి. ఒక పూట జొన్న రొట్టె తినండి.
• టీలో చక్కెర తగ్గించండి. కూల్ డ్రింకులు మానండి.
• ఉప్పు, పచ్చళ్లు తగ్గించండి.
• రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు చురుగ్గా నడవండి.
• పొగాకు పూర్తిగా మానండి.

మందులు రాస్తే, ఒంట్లో బాగుందని మీ అంతట మీరు ఆపొద్దు. ఛాతీలో నొప్పి, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ వారమే మీ ఆశా అక్కను అడగండి. ఇంట్లో చదవడం రానివాళ్లకు ఇది చదివి వినిపించండి.