పలకలోని సుడి

కంటిని భ్రమింపజేయు జ్యామితీయ ముద్రణచిత్రములపై ముఖచిత్ర కథనము బుధవారము సాయంత్రమునకు కావలెనని సంపాదకులు సెలవిచ్చిరి. హైదరాబాదు జహనుమా పేటలో కాపురముండు నావంటివానికే ఈ పని యప్పగించుటలో వారి యుద్దేశము, చేరువనే యున్న, పైగా వంశపు ప్రభువుల సమాధులలోని జాలీలను (చిల్లులల్లిక తెరలను) వర్ణించి పుట నింపునని కాబోలు. జాలీలను బాక్సులోనికి నెట్టితిని. ఇక అసలు విషయమందామా, నలుపు తెలుపు గీతలను పేర్చి కాగితము కదలుచున్నట్లు తోపింపజేయు కనికట్టుపై నాకు మొదటినుండియు గౌరవము తక్కువ. కిటుకు తెలిసిన పిమ్మట అందు చూచుటకేమున్నది?

ఆ యనుమానమును సడలించినది మన తెలుగువాడు, చిత్తూరు జిల్లా నందనూరున 1925లో జన్మించిన కృష్ణారెడ్డి 1963లో అచ్చొత్తిన ‘సుడిగుండము’. అందు చిన్న చిన్న గళ్ళు ఒక కేంద్రమును చుట్టుకొని లోనికి దిగుచున్నట్లుండును. ఆ లోతు కేవలము దృష్టిభ్రాంతి కాదు, పలకలో నిజముగా నున్నదే. శిల్పియు నైన ఆయన, లోహపు రేకును ఆమ్లముతో తినిపించియు, ఉలులతో చెక్కియు, గీకుడుకత్తులతో నునుపుచేసియు, మిట్టలును పల్లములును గల వేరువేరు అంతస్తులుగా తీర్చెడివాడు. మొదట అట్టడుగు గాడులలో సిరా కూరి, పైభాగమును తుడిచివేయవలెను. తరువాత అవిసెనూనె హెచ్చుగా కలిపి పలుచన చేసిన రంగును గట్టి రోలరుతో దొర్లించినచో అది మిట్టలను మాత్రమే తాకును. అటుపై నూనె తక్కువగల చిక్కని రంగును మెత్తని రోలరుతో అదిమి దొర్లించినచో, అది పల్లములలోనికి దిగి అంటుకొనును గాని, మిట్టలమీది నూనెరంగు దానిని దరిచేరనీయదు. ఇన్ని రంగులను ఒక్క పలకయే మోసికొని, ఒక్కసారి యంత్రము క్రిందుగా పోయి, కాగితముపై దిగును. రంగునకొక పలక చొప్పున చేసికొని, వాని యంచులు కలియక అవస్థపడువారికి ఇది యెంతటి విడుదలయో చెప్పనక్కరలేదు. ఈ విధానమును పారిస్‌లోని ‘అటెలియే 17’ అను ముద్రణశాలయందు తోటి భారతీయ కళాకారుడు కైకో మోతీతో కూడి ఆయన రూపొందించెను.

చరిత్రను త్వరత్వరగా చెప్పివేయుదును: ఆ ముద్రణశాలను ఆంగ్ల ముద్రణచిత్రకారుడు హేటర్ 1927లో స్థాపించెను, శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యుడైన కృష్ణారెడ్డి లండనుమీదుగా 1950ల ఆరంభమున అచ్చట చేరెను, 1965లో న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహాలయమున జరిగిన ‘ది రెస్పాన్సివ్ ఐ’ ప్రదర్శనముతో వాసరెలీ, బ్రిడ్జెట్ రైలీల దృష్టిభ్రాంతిచిత్రములు లోకమంతట ఫ్యాషనయ్యెను, 1972లో మనవానికి పద్మశ్రీ లభించెను, 2018లో న్యూయార్కుననే ఆయన కన్నుమూసెను.

రైలీ రేఖలు గొప్పవే. అయినను అవి కంటిలో పుట్టి కంటిలోనే అణగిపోవును. ‘సుడిగుండము’లోని చలనము చేతిపనిలో పుట్టినది. ఆయన అచ్చు ఎచ్చటనైన ఎదురైనచో, ఎదుట నిలుచుటతో తృప్తిపడక, ప్రక్కకు జరిగి, వాలుగా పడు వెలుతురులో చూడుడు. పలకలోని పల్లము కాగితముపై మిట్టయై లేచియుండును.

బాక్సు: మన యింటి ముంగిట

పైగా వంశీయుడైన ఆస్మాన్ జా జహనుమా మహలు పేరే మా పేటకు నిలిచినది. ఆ వంశపు సమాధులు పీసల్‌బండయందున్నవి. వాని సున్నపు పనిలోని జాలీలలో నక్షత్రములును బహుభుజులును ఒండొంటిలో ఇమిడియుండును. ఏది ఆకృతియో ఏది ఖాళీయో వెలుతురు ప్రక్క మారినపుడెల్ల మారుచుండును. చిత్రకళ నేర్చు పిల్లలు సెలవునాడు పోయి ఒక్క జాలీనైన స్కేలు, వృత్తలేఖిని పట్టుకొని గీచి చూడవలెను.