గెలిచిన సీమను నిలుపుకొన్న గణపతిదేవుడు

రాజులు రాజ్యములను గెలిచిన విధము చరిత్ర పుస్తకములయందు విస్తారముగ నుండును. గెలిచినదానిని నిలుపుకొన్న విధము రెండు పంక్తులకు మించి యుండదు. కాకతీయ గణపతిదేవుని యేలుబడిలో (1199–1262) ఈ రెండవ కార్యమే గొప్పదని మా యభిప్రాయము.

ఓరుగంటివారిది మెట్టసీమ. చెరువులు కట్టించి పండించుకొనవలసినదే కాని వారికి సముద్రముతో సంబంధము లేదు. కృష్ణానది దిగువనున్న వరిపొలములును, రేవులును వెలనాటి చోడుల చేతిలో నుండెను. ఆ వంశము క్షీణించుట కనిపెట్టి గణపతిదేవుడు 1201 ప్రాంతమున బెజవాడను పట్టుకొని, నది సముద్రమున గలియు చోటనున్న దివిసీమపైకి సేనలను నడపెను. ఆ దండయాత్రలో మాల్యాల వంశీయుడగు చౌండ సేనాని దివిని కొల్లగొట్టి 'దివిచూఱకాఱ' యను బిరుదు వహించెను. దోపిడి బిరుదమెట్లగునని మన విద్యార్థులు నవ్వవచ్చును. ఆ కాలపు మర్యాద యది!

పని కొల్లతోనే ముగిసినచో, సేనలు మరలగానే దివివారు తిరిగి కత్తి పట్టియుందురు. గణపతిదేవుడు ఓడిన ప్రభువగు పినచోడిని పదభ్రష్టుని చేయలేదు. అతని కుమార్తెలగు నారమ, పేరమలను తాను వివాహమాడెను. వారి సోదరుడగు జాయనను కొలువున జేర్చుకొని గజసాహిణిగ, అనగా ఏనుగుల దళమునకు అధిపతిగ, నియమించెను. చేబ్రోలు పాలన మొసగెను. జాయన శాసనము 1213 నాటిది చేబ్రోలున గలదు. ఓడినవాని కొడుకు చేతికి ఏనుగుల నప్పగించుట సామాన్య సాహసము కాదు. నలువది యేండ్లు గడచిన పిమ్మట 1253–54లో 'నృత్తరత్నావళి' రచించునాటికిని జాయన కాకతీయ సేనానియే.

కుమార్తెల వివాహములును ఇట్టివే. గణపాంబను ధరణికోట ప్రభువగు కోట బేతరాజునకును, రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునకును ఇచ్చెను. దుర్గములు కట్టినచోట గాక, పెండ్లి పందిళ్లు వేసినచోట రాజ్యము గట్టిపడినది. ఆ రాచకన్యల ఇష్టానిష్టములను మాత్రము ఏ శాసనమును చెప్పదు.

చుట్టరికము ప్రభువులను కట్టివేయును, వర్తకులను కట్టివేయదు. వారికై 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానులో చిక్కి ఒడ్డున బడిన ఓడల సరకును పూర్వరాజులు సర్వము హరించెడివారు. తాము నిర్ణీత సుంకము తప్ప మరేమియు గైకొనమని గణపతిదేవుడు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట నొక పాలు. దయయే యిందుకు కారణమని శాసనము చెప్పుచున్నది. దయ యుండవచ్చును, దోచుకొను రేవునకు రెండవమారు ఓడ రాదన్న యెఱుకయు నుండెనని మేము తలంచెదము. ఆ శతాబ్దము చివర వెనీసు వర్తకుడు మార్కోపోలో ఈ రేవును, ఈ సీమ నేలిన రాణిని గూర్చి వ్రాసెను.

అయితే అధికారము పంచియిచ్చిన చోట నెల్ల విశ్వాసము పండలేదు. గణపతిదేవుడు కాయస్థ గంగయ సాహిణికి దక్షిణమున విశాలమైన సీమ నప్పగించెను. గంగయ జీవితాంతము నమ్మకముగనే యుండెను. ఆ కుటుంబమున పిదప వచ్చిన అంబదేవుడు రుద్రమదేవిపై తిరుగబడెను. తండ్రి యిచ్చిన సీమకై కుమార్తె యుద్ధము చేయవలసివచ్చినది.

మన ఉప్పునుంతలకు పడమటి దిక్కుననున్న వర్ధమానపుర సీమలో, అనగా నేటి నంది వడ్డెమాను ప్రాంతమున, సామంతులును తమలో తాము ఈ చుట్టరికపు నీతినే పాటించిరి. చౌండ సేనాని వంశమువాడే యగు గుండ దండనాథుడు గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబికను వివాహమాడెను. భర్త గతించిన పిమ్మట ఆమె బూదపురమున, అనగా నేటి భూత్పూరున, అతని పేర గుండేశ్వరుని ప్రతిష్ఠించి 1276లో శాసనము వేయించెను.