గేరు రాడ్డు బూటు: మరమ్మతు, మార్పిడి

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గేరు బూటు చేసే పనిని వివరించగలుగుతారు.
• దాన్ని ఎప్పుడు బాగుచేయాలో, ఎప్పుడు మార్చాలో నిర్ణయించగలుగుతారు.
• పాత బూటు కొలతతో కొత్తది కుట్టగలుగుతారు.

1. బూటు ఎందుకు?

గేరు రాడ్డు కదలడానికి కారు అడుగున ఒక రంధ్రం ఉంటుంది. దాన్ని కప్పే మడతల తొడుగును మెకానిక్కులు బూటు అంటారు. 1983లో వచ్చి, 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 కారులో దీన్ని చూడవచ్చు. గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండే పాత అంబాసిడర్, పద్మిని కార్లకు ఇది అవసరం లేదు.

చాలా కార్లలో రెండు పొరలుంటాయి. పైన కనబడేది రెక్సిన్ లేదా తోలు. దాని కింద రబ్బరు బూటు. పైది అందానికి, దుమ్ము ఆపడానికి. నీటిని, వేడిని, పొగను ఆపేది మాత్రం కింది రబ్బరే.

సూరత్‌లోని సలాబత్‌పురాలో వానాకాలం కారు నడిపే డ్రైవరును ఊహించుకోండి. రోడ్డు మీది నీరు కింది నుంచి చిమ్ముతుంది. రబ్బరు చిరిగి ఉంటే ఆ నీరు లోపలికి వచ్చి, కార్పెట్ కింద నిలిచి, రేకు తుప్పు పడుతుంది. అయితే బూటు ఆపేది చిమ్మే నీటినే. 2006 ఆగస్టులో సూరత్‌ను ముంచిన తాపీ వరద వంటి నీటిని అది ఆపలేదు.

జాగ్రత్త: సైలెన్సర్ గొట్టం కారుతూ ఉంటే, చిరిగిన చోటు నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి రావచ్చు. ఈ వాయువుకు రంగు, వాసన లేవు. అది ప్రాణాలు తీస్తుంది. కనుక రెక్సిన్ ఒక్కటే మార్చి ఊరుకోకూడదు.

2. బాగుచేయాలా? మార్చాలా?

రెక్సిన్ కుట్టు మాత్రమే ఊడితే మళ్ళీ కుట్టవచ్చు. రెక్సిన్ పగుళ్ళు బారితే కొత్తది కుట్టాలి. రబ్బరు మడతల్లో చీలితే కొత్తది వేయాలి. మడత మాటిమాటికీ వంగుతుంది కాబట్టి సైకిల్ ట్యూబు ప్యాచ్ అక్కడ ఎక్కువ రోజులు నిలవదు.

3. చేసే పద్ధతి

(అ) కారును చదునైన చోట ఆపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేయండి. చక్రాలకు అడ్డు పెట్టి, గేరును న్యూట్రల్‌లో ఉంచండి.

(ఆ) నాబ్ మరతో ఉంటే తిప్పి తీయండి. తిరగకపోతే బలవంతంగా లాగవద్దు. అది వేరే రకంగా బిగించి ఉండవచ్చు.

(ఇ) బూటు అంచున ఉన్న స్క్రూలు లేదా క్లిప్పులు విప్పి, పైకి తీయండి. రబ్బరు బూటును కూడా పరీక్షించండి.

(ఈ) పాత రెక్సిన్ కుట్లు విప్పి, ముక్కలను కాగితం మీద పరచి గీయండి. పాత కుట్టు గీత నుంచి బయటికి 1 సెంటీమీటరు వదిలి కత్తిరించండి.

(ఉ) తిరగేసి పాలిస్టరు దారంతో కుట్టండి. తడికి నూలు దారం కుళ్ళుతుంది. కుట్లు 3 నుంచి 4 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. మరీ దగ్గరగా వేస్తే సూది రంధ్రాల వెంటే రెక్సిన్ చిరుగుతుంది.

(ఊ) కొత్త రబ్బరు బూటు ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్ళు రాయండి. గ్రీజు, పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

4. చివరి పరీక్ష

బూటును పూర్తిగా బిగించకముందే, ఇంజను ఆపి ఉంచి, క్లచ్ నొక్కి, రివర్సుతో సహా అన్ని గేర్లు వేసి చూడండి. బూటు ఏ గేరులోనూ బిగుసుకోకూడదు. బిగువైన బూటు రాడ్డును వెనక్కి లాగి, నడుస్తుండగా గేరు జారేలా చేయవచ్చు. అప్పుడు విప్పి, వదులు పెంచి కుట్టండి.

మీ జ్ఞానాన్ని పరీక్షించుకోండి
1. పొగను ఆపే పొర ఏది?
2. నూలు దారం ఎందుకు వాడకూడదు?
3. బూటు బిగువైతే ఏమవుతుంది?

జవాబులు: 1. కింది రబ్బరు బూటు. 2. తడికి కుళ్ళుతుంది. 3. గేరు జారవచ్చు.