వృద్ధుల ఆరోగ్య చరిత్ర సేకరణ

వృద్ధుల ఆరోగ్య చరిత్ర సేకరణ అనగా నర్సు గాని, నర్సింగ్ విద్యార్థి గాని వృద్ధులతో ముఖాముఖి మాట్లాడి, వారి ఆరోగ్య స్థితిని తెలుసుకొని నమోదు చేయడం. భారతదేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం 60 సంవత్సరాలు, ఆపై వయసు గలవారు వయోవృద్ధులు. చాలామంది పెద్దలు తమ బాధలను "వయసు మీద పడింది, అంతే" అని కొట్టిపారేస్తారు. ఆ మాట వెనుక చికిత్సకు లొంగే వ్యాధి ఉండవచ్చును. దానిని బయటికి తీయడమే ఈ సంభాషణ ముఖ్యోద్దేశం.

ప్రశ్నించే విధానం

వయసుతో వచ్చే వినికిడి లోపంలో మొదట హెచ్చు స్థాయి శబ్దాలు వినబడవు. కనుక గట్టిగా అరవడం కన్న, ఎదురుగా వెలుతురులో కూర్చొని, కొంచెం మంద్రస్వరంతో నిదానంగా మాట్లాడడం మేలు. కళ్ళజోడు, వినికిడి యంత్రం ఉంటే ముందుగానే పెట్టుకోమనాలి. పెద్దలను "మీరు" అని, తాతగారూ, అమ్మా వంటి పిలుపులతో సంబోధించాలి. ఒక ప్రశ్నకు జవాబు పూర్తయిన తరువాతనే మరొకటి అడగాలి.

తరచుగా కొడుకో, కోడలో జవాబు చెప్పబోతారు. వారి మాట కూడా అవసరమే, ముఖ్యంగా మతిమరుపు ఉన్నప్పుడు. అయితే మొదట పెద్దవారి మాటనే వినాలి. మూత్రం అదుపు తప్పడం, దిగులు, ఇంటిలో నిరాదరణ వంటి విషయాలను ఏకాంతంలోనే అడగాలి.

తెలుసుకోవలసిన అంశాలు

* దైనందిన పనులు: "ఆరోగ్యం ఎలా ఉంది?" అన్న ప్రశ్న కన్న "స్నానం మీరే చేస్తారా?" అన్నది ఎక్కువ చెబుతుంది. 1963లో సిడ్నీ కాట్జ్ బృందం ప్రచురించిన సూచికలో స్నానం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డికి వెళ్ళడం, పడక నుండి కుర్చీకి మారడం, మలమూత్రాల అదుపు, భోజనం అనే ఆరు అంశాలు ఉన్నాయి.
* మందులు: పేర్లు అడిగితే సరిపోదు, మందుల సంచి తెప్పించి చూడాలి. మోకాళ్ళ నొప్పికి సొంతంగా కొనుక్కునే మాత్రలు మూత్రపిండాలకు హాని చేయవచ్చును, రక్తపోటును పెంచవచ్చును. నాటుమందులను కూడా నమోదు చేయాలి.
* ఆహారం: కట్టుడు పళ్ళు, ఉపవాసాల గురించి అడగాలి. కొన్ని రకాల మధుమేహపు మాత్రలు వేసుకొని ఏకాదశి ఉపవాసం ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును.
* పడిపోవడం: గత సంవత్సరంలో ఎన్నిసార్లు, ఎక్కడ, ఏ వేళలో పడ్డారో అడగాలి.

లక్షణాలలో తేడా

వృద్ధులలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా, ఆయాసంగానో నీరసంగానో కనబడవచ్చును. అంటువ్యాధి సోకినా జ్వరం రాకపోవచ్చును. నిన్నటివరకు చక్కగా మాట్లాడినవారు నేడు తికమకపడుతుంటే దానిని ముసలితనపు చాదస్తమని వదిలివేయరాదు. విద్యార్థి ఆ సంగతిని వెంటనే పై నర్సుకు గాని, వైద్యునికి గాని తెలియజేయాలి.

నమోదు, గోప్యత

సంభాషణకు ముందు వారి సమ్మతి తీసుకోవాలి. అలసిపోతే ఆపి, మరొక రోజు కొనసాగించవచ్చును. బాధను వీలైనంతవరకు వారి మాటలలోనే వ్రాయాలి. "కాళ్ళు తిమ్మిరి" అన్నదానిని విద్యార్థి తనంతట తానే వ్యాధి పేరుగా మార్చరాదు. తరగతిలో సమర్పించే నివేదికలో పేరు, చిరునామా ఉండరాదు.

ఇవి కూడా చూడండి

* వృద్ధాప్యం
* నర్సు
* మధుమేహం
* రక్తపోటు