కొర్రమీను కొఱత: వలవారును గాలమువారును



పెద్దచేప చిన్నచేపను మ్రింగుటను మత్స్యన్యాయ మందురు. రాజు లేని రాజ్యమున బలవంతుడు దుర్బలుని పీడించుటకు మన పూర్వు లీ పేరు పెట్టిరి. ఇప్పుడు మా కథలాపూరు ప్రాంతమున చేపల న్యాయము గాక, చేపలు పట్టువారి న్యాయము చర్చకు వచ్చినది. వంటయింట నుండు మనకు ఈ తగవుతో నేమి పనియని కొంద ఱడుగవచ్చును. అంగడిలో ఏ చేపను కొనవలెనో, ఎప్పుడు కొనవలెనో నిర్ణయించునది తఱుచుగా మనమే కదా! కావున ఈ సంగతి మనము తెలిసికొనదగినదే.

గడచిన పునర్వసు కార్తెలో ఒకనాటి సాయంకాలము మేము పిల్లలను వెంటగొని చెఱువుకట్టమీదికి పోయితిమి. పట్టణమునుండి మోటారుసైకిలుపై వచ్చిన యిద్దఱు యువకులు రబ్బరుతో చేసిన కప్పబొమ్మను ఎఱగా కట్టి గాలము విసరుచుండిరి. మేము చూచుచుండగనే మూరెడు పొడవుగల కొర్రమీను గాలమునకు చిక్కినది. అంతలో మత్స్య సహకార సంఘమువారు నలుగురు వచ్చి వారి నడ్డగించిరి. తాము ఏటేట గుత్త కట్టుచున్నామనియు, పిల్లచేపలను విడిచి రాత్రులు కావలికాచుచున్నామనియు, సరదాకు వచ్చినవారు తమ కూడు ఎత్తుకొనిపోవుట అన్యాయమనియు సంఘమువారు వాదించిరి. సంఘమువారు విడిచినది బొచ్చె, రవ్వ పిల్లలే గాని కొర్రమీను గాదనియు, అది చెఱువులో దానంతట పుట్టి పెరిగినదనియు, గాలముతో ఒకటి పట్టినచో వలతో నూఱు పట్టువారికి కోపమేలయనియు యువకులు బదులు చెప్పిరి. మాటకు మాట పెరిగెను. పెద్దలు కలుగజేసికొని యిరువురను పంపివేసిరి. చేప మాత్రము యువకుల సంచిలోనే పోయినది.

కట్టమీద చేపలగంప దించుకొని కూర్చున్న ముసలమ్మ యొకతె మమ్ము చూచి, “తల్లిని వట్టుకపోయిన్రు పంతులమ్మా, ఇగ పిల్లలు ఆగమైతయి” అనెను. ఏ పిల్లలవ్వా యని మే మడుగగా తుంగ నడుమ నీటిని చూపినది. అచ్చట అరచేతి వెడల్పున ఎఱ్ఱని మరక వంటిది కదలుచుండెను. తేఱిపాఱ చూడగా అవి వందలకొలది సన్నని చేపపిల్లలు. మఱునాడు మా చిన్నవాడు పోయి వెదకివచ్చి, ఆ గుంపు కానరాలేదని చెప్పెను.

కొర్రమీను తక్కిన చేపల వంటిది కాదు. మొప్పలున్నను అది అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గాలి పీల్చవలెను. ఆ గుణముచేతనే చెఱువెండి బురద మిగిలినను కొంతకాలము ప్రాణము నిలుపుకొనగలదు. అంగడిలో తొట్టియందు బ్రదికియుండియే అమ్ముడుపోవును. వానలు పడగానే లోతులేని అంచునీటిలో నాచును, తుంగను తొలగించి గూడువంటి చోటు చేసికొని గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు నీటిపై తేలియుండును. చాలజాతుల చేపలు గ్రుడ్లు పెట్టి తమ దారిని తాము పోవును; కొర్రమీనులు మాత్రము గ్రుడ్లకును, పిదప ఎఱ్ఱని గుంపుగా తిరుగు పిల్లలకును కావలి యుండును. ఆ దినములలో గుంపు దరికి కప్ప వచ్చినను, మఱేది వచ్చినను మీదికి దుముకును. ఆకలిచేత గాదు, బిడ్డలను కాచుకొనుటకు. గాలమువారిలో కొందఱకు ఈ రహస్యము తెలియును. ఎఱ్ఱని గుంపు కనబడినచోటనే కప్పబొమ్మను విసరుదురు. జంటలోని క్రౌంచము కూలగా వాల్మీకి హృదయము శోకముచే నిండినది. ఇచ్చట ఒక్కచేప పోవుటతో వందల పిల్లలు కొంగలకును, ఇతర మత్స్యములకును ఆహారమగుచున్నవి. ఒక్కటే పట్టితిమను మాట ఈ ఋతువున చెల్లదు.

అట్లని వలవారు నిర్దోషులని మేము చెప్పజాలము. సన్నకన్నుల వలలు పిల్లను, పెద్దను విడువక ఊడ్చును. వేసవి చివర నీరు తగ్గినపుడు బురదలో దాగిన విత్తనపు చేపలనుగూడ వెలికితీసి అమ్ముదురు. 2016-17 నుండి తెలంగాణ ప్రభుత్వము చెఱువులలో విడుచుటకు చేపపిల్లలను ఉచితముగా నిచ్చు పథకమును పెట్టెను. బొచ్చె, రవ్వ, బంగారుతీగ వంటివి శీఘ్రముగా పెరిగి సంఘపు కుటుంబములకు కూడు పెట్టినవి. అది మేలే. కాని కొర్రమీను మాంసాహారి. ఆ చిన్నపిల్లలను తినును. అందుచేత పెంపకమునకు నీటిని సిద్ధపఱచునపుడు కొర్రమీను వంటివానిని ముందుగా తొలగించుట వాడుక. ఇప్పపిండి చల్లి చంపుటయు నందొక పద్ధతి. 2016లో తెలంగాణమునకు రాష్ట్రమత్స్యముగా ఎన్నుకొన్నదియు ఈ కొర్రమీనునే. బిరుదు నిచ్చిన చేతులతోనే శత్రువుగా చూచుచున్నా మనుట మనకు గౌరవము గాదు.

ఇంకొక కారణము ఇరుపక్షములవారికిని వెలుపలిది. మా మండలమున కలికోట సూరమ్మ చెఱువు మొదలు చిన్నకుంటల వఱకు చేపకు కావలసినది నీరు మాత్రమే కాదు. లోతులేని అంచులు, తుంగ, నాచుగూడ కావలెను. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కార్యమున 46,531 చెఱువులను బాగుచేయ సంకల్పించిరి. పూడిక తీసినచో పొలములకు నీరు నిలుచును గాన రైతుబిడ్డలమైన మేము దానిని నిందింపము. అయినను అంచులనుగూడ నున్నగా చెక్కివేసినచోట కొర్రమీనునకు పురిటిగది పోయినట్లే. పొలములలో చల్లు పురుగుమందులు వానతో కొట్టుకొనివచ్చి మొదట చేరునదియు ఆ అంచునీటిలోనికే.

ఇట్టి తగవు మాకు మాత్రమే కలిగినది కాదు. చల్లని దేశములలో సాల్మను అను చేప కలదు. అది యేటిలో పుట్టి, సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల తన యేటికి వచ్చును. అమెరికాలో కొలంబియా నదిమీద 1942లో పూర్తియైన గ్రాండ్ కూలీ ఆనకట్టకు చేపలెక్కి పోవుటకు మెట్లు లేకపోగా, పై యేటికి దారి మూతపడినది. మిగిలిన చేపకై వర్తకపు వలవారును, వినోదపు గాలమువారును, తరతరములుగా దానినే నమ్మిన ఆదివాసులును కలహించిరి. వాషింగ్టన్ రాష్ట్రమున 1974లో న్యాయమూర్తి జార్జి బోల్ట్ పాతసంధిపత్రములను చదివి, పట్టదగిన చేపలలో సగము వఱకు ఆదివాసులకు హక్కు కలదని తీర్పు చెప్పెను. 1979లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పును చాలవఱకు స్థిరపఱచెను. ఐస్‌లాండ్ దేశస్థుడైన ఓర్రి విగ్ఫుసన్ వేఱొక త్రోవ త్రొక్కెను. స్వయముగా గాలము వేయు ఆయన 1989లో ఒక నిధిని స్థాపించి, ధనము కూర్చి, అట్లాంటిక్ సాల్మనును పట్టు వలవారికి పరిహార మిచ్చి వలలను ఎత్తివేయించెను. వినోదము కోరినవాడు ఆ వెలను తానే భరింపవలె ననుట ఇందలి నీతి.

మన తెలుగుదేశమున సాల్మనువలె కడలినుండి యేటికెక్కునది పులస. మా జిల్లాలో ధర్మపురి ప్రక్కగా పాఱు గోదావరియే దిగువకు పోయి దానిని పిలుచుచున్నది. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట కోనసీమకు అన్నము పెట్టినది. పులసకు అడ్డుగోడ యైనది. నేడు ఒక్క పులసకు వేలరూపాయలు పలుకుచున్నవి. పుస్తె లమ్మియైనను పులస తినవలెనను సామెత మీ రెఱుగుదురు. పురుషుని జిహ్వకై స్త్రీ మెడలోని పుస్తెను పణముపెట్టు ఆ సామెతను మేము మెచ్చము. చేప అరుదైన కొలది వెల పెరుగును; వెల పెరిగిన కొలది చివరి చేపకై వల వేయువారును పెరుగుదురు. కొర్రమీనుకు ఆ గతి రాకుండ చూచుకొనవలెను.

మార్గము లేకపోలేదు. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో అశోకుడు స్తంభశాసనమున కొన్ని పుణ్యదినములలో చేపలను చంపరాదనియు, అమ్మరాదనియు చెక్కించెను. నేడును తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవలు సముద్రములో వేటకు పోరాదను నిషేధము కలదు. చెఱువునకు మాత్ర మట్టి విరామ మేల కూడదు? తొలకరి మొదలు రెండు మాసములు కొర్రమీనును వలతోగాని గాలముతోగాని పట్టకుండ గ్రామస్థులు కట్టడి చేసికొనవచ్చును. చెఱువున ఒక మూల తుంగను ముట్టక విడువవచ్చును. తక్కిన మాసములలో గాలమువారు సంఘమునకు రుసుము చెల్లించి చీటి పొంది, లెక్కకు మించక పట్టవచ్చును. అప్పుడు యువకులకు వినోదమును, సంఘమువారి కుటుంబములకు ఆదాయమును, చేపకు సంతానమును దక్కును. మా వారు పాఠశాలలో పెద్దపిల్లలకు ఈ సంగతి చెప్పి, ఎఱ్ఱని గుంపు కనబడినచోట రాళ్లు వేయవద్దని బోధించిరి.

ఇక మన వంతు. మృగశిర కార్తె ప్రవేశించు దినమున, అనగా జూన్ 7, 8 తేదీల ప్రాంతమున, చేప తినుట మన తెలంగాణపు ఆచారము. తినని యిండ్లవారు ఇంగువను బెల్లముతో కలిపి తిందురు. తొలకరి వానతో చేప గర్భము ధరించు దినములును అవియే. ఆచారము విడువుమని మేము చెప్పము. చేప యనగా కొర్రమీనే కానక్కఱలేదు. పెంచిన బొచ్చెయు, రవ్వయు చాలును. కొర్రమీనే కావలెనన్నచో నేడు చెఱువులలోనివి గాక కుంటలలో మేత వేసి పెంచినవియు అంగడికి వచ్చుచున్నవి. వానినే యడిగి కొనవచ్చును. గ్రుడ్లతో పొట్ట నిండిన చేపను, వ్రేలెడు పిల్లలను మాత్రము కొనకుడు. మనము కొననిది అమ్ముడుపోదు. అమ్ముడుపోనిదానికై ఎవరును వల వేయరు.

ఆ ముసలమ్మ పిదప ఒకనాడు మా వాకిటికి వచ్చి గంప దించినది. గంపలో గ్రుడ్లుగల కొర్రమీను కనబడగా మేము వలదని, రవ్వను తీసికొంటిమి. ఆమె నవ్వి, “అందరు గిట్లనే అంటె మేమెందుకు తెస్తం పంతులమ్మా” అనెను. ఆ మాటలో నిందయు కలదు, ఆశయు కలదు. సోదరీమణులారా, వచ్చు మృగశిరనాడు మీ వాకిట గంప దిగినపుడు ఆ మాటను జ్ఞప్తి యుంచుకొందురుగాక!