కదిలే పటము (వికీపీడియా)

కదిలే పటము అనగా వికీపీడియా వ్యాసములో అమర్చదగిన, చదువరి తన ఇష్టము వచ్చినట్లు దగ్గరకు, దూరమునకు, పక్కలకు జరుపుకొనదగిన పటము. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్టువేరునకు జతచేసిన "కార్టోగ్రాఫర్" అను పొడిగింత దీనిని చూపుచున్నది. 2018లో ఈ సౌకర్యము చాలా భాషల వికీపీడియాలకు విస్తరించినది. ఈ వ్యాసములో విజయనగరం జిల్లాకు చెందిన భోగాపురమును ఉదాహరణగా తీసికొని దీని వాడకము వివరించబడినది.

పొడిగింత, ఉపకరణము, మూస

వికీ పేజీకి అదనపు శక్తినిచ్చునవి ముఖ్యముగా మూడు రకములు. పొడిగింత సర్వరులోనే ఉండి చదువరులందరికీ పనిచేయును. ఉపకరణమును సాధారణముగా ఖాతా కలిగిన సభ్యులు తమ అభిరుచులలో ఎంచుకొనవలెను. మూస అనునది ఒకచోట వ్రాసి అనేక పేజీలలో వాడుకొనే అచ్చు. గ్రామ వ్యాసములలో కుడివైపున కనబడే సమాచారపెట్టె ఇట్టిదే. సమాచారపెట్టెలో జిల్లా లేదా రాష్ట్ర పటముపై చుక్క పెట్టి చూపునది సాధారణముగా ఒక బొమ్మ మాత్రమే. కదిలే పటము అట్లు కాక, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారము నుండి తయారగును. 2004లో ఇంగ్లాండులో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా వికీపీడియా వలెనే స్వచ్ఛంద సభ్యులు నిర్మించుచున్న ప్రాజెక్టు.

అమర్చు విధానము

పటమును పేజీలోనే చూపుటకు "మ్యాప్‌ఫ్రేమ్", వాక్యము మధ్యలో లింకుగా ఇచ్చుటకు "మ్యాప్‌లింక్" అను ట్యాగులు కలవు. మ్యాప్‌ఫ్రేమ్‌కు వెడల్పు, ఎత్తు, అక్షాంశము, రేఖాంశము, జూమ్ స్థాయి ఇవ్వవలెను. జూమ్ ఒక అంకె పెరిగినప్పుడెల్ల పటము రెండింతలు దగ్గరకు వచ్చును. పేజీలో మొదట కదలని చిత్రముగా కనబడి, నొక్కినపుడు పూర్తి తెరపై తెరుచుకొనును. భద్రపరచుటకు ముందు తప్పక సరిచూచుకొనవలెను.

తరచుగా జరుగు తప్పులు

భోగాపురం సుమారు 18°02′ ఉత్తర అక్షాంశము, 83°30′ తూర్పు రేఖాంశముల వద్ద ఉన్నది. ఈ రెండు అంకెలను తారుమారు చేసినచో చుక్క ఉత్తరాంధ్ర తీరము విడిచి, స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరమున ఆర్కిటిక్ మహాసముద్రములో పడును. ఇట్టి తప్పు వెంటనే కంటబడును. కంటబడని తప్పు మరియొకటి కలదు. అక్షాంశములో ఒక నిమిషము సుమారు 1.85 కిలోమీటర్లకు సమానము. కావున నిమిషముల వరకే ఇచ్చిన అక్షాంశము వలన చుక్క దాదాపు ఒక కిలోమీటరు పక్కకు జరుగవచ్చును. ఊళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నచోట అది పొరుగు గ్రామములో పడుటకు ఈ దూరము చాలును. డిగ్రీలను నాలుగు దశాంశ స్థానముల వరకు ఇచ్చినచో తేడా కొద్ది మీటర్లకు తగ్గును.

పటములో ఊరి పేరు తెలుగులో కనబడవలెనన్నచో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ ఊరికి తెలుగు పేరు చేర్చి ఉండవలెను. లేనిచో ఆంగ్లములోనే కనబడవచ్చును. అచ్చట ఖాతా తెరచి ఎవరైనను ఈ పేరు చేర్చవచ్చును.

పటము మరచునది, వ్యాసము గుర్తుంచుకొనునది

కదిలే పటము ఎల్లప్పుడు నేటి స్థితిని చూపుటకే ఉద్దేశింపబడినది. మూల సమాచారమును ఎవరైనా మార్చినచో, వ్యాసములో ఒక్క అక్షరము మార్చకున్నను కొంత కాలమునకు పటము మారును. ఆ మార్పు వ్యాసము యొక్క పేజీ చరిత్రలో నమోదు కాదు.

భోగాపురం విషయములో ఇది మిక్కిలి ముఖ్యము. ఇచ్చట అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయ నిర్మాణమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. దీని కొరకు మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట గ్రామముల వారు తమ ఊళ్ళు విడిచి పునరావాస కాలనీలకు తరలవలసి వచ్చినది. రన్‌వే గీసిన పటములో ఆ పాత ఇండ్లకు, వీధులకు చోటుండదు. అది పటము తప్పు కాదు, నేలపై ఉన్నదానిని చూపుటయే దాని పని. కాని ఆ ఊరు ఎచ్చట ఉండెడిదో తెలియగోరు వారికి, ముఖ్యముగా అచ్చట పుట్టిన వారి పిల్లలకు, వ్యాసములోని వాక్యములే ఆధారము.

కావున కదిలే పటము చేర్చు సభ్యులు ఈ క్రింది విషయములు పాటించుట మంచిది.

* తరలిపోయిన గ్రామము పేజీని తొలగించరాదు. పాత స్థలము యొక్క అక్షాంశ రేఖాంశములను వ్యాసములోనే ఉంచి, తరలిన సంవత్సరము వ్రాయవలెను.
* "ప్రస్తుతము", "ఇటీవల" అను మాటలకు బదులు సంవత్సరము వ్రాయవలెను. భోగాపురం మీదుగా పోవు 5వ జాతీయ రహదారి 2010లో జరిగిన సంఖ్యల మార్పుతో 16వ జాతీయ రహదారి అయినది. పాత అంకె ఉన్న వాక్యము తనంతట తాను మారదు.
* స్వయముగా చూచిన విషయమైనను, ప్రచురిత ఆధారము లేనిదే వ్యాసములో చేర్చరాదు. సందేహమును చర్చా పేజీలో వ్రాయవచ్చును.

ఇవి కూడా చూడండి

* భోగాపురం
* విజయనగరం జిల్లా
* ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్
* మీడియావికీ